గుండ్రంలో చదరం

బుధవారం పొద్దున్నే
నాలుగు ఐసు ప్యాకుల్ని ఒక్కొక్కటే
చెవి పక్కన పెట్టి ఊపుతాను.
లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి.
రాకపోతే సూది మందు చలికి చస్తుంది.
మరీ గలగలమంటే చుక్కల మందు ఎండకు చస్తుంది.
ఈ రెండు చావుల నడుమ గట్టు మీద
పదిహేడేళ్ళుగా నడుస్తున్నా,
భుజాన నీలం పెట్టెతో.

కణేకల్లు దాటితే హగరి.
ఏరని పేరే గానీ
మే నెలలో పారేది ఇసుకే, అదీ గాలికి.
ఆ మేటల దగ్గర ఎర్రిస్వామి మోపెడ్ చైను తెగింది.
పెట్టె మూతకు రబ్బరు ఊడి మూడు నెలలైంది,
రెండు కాగితాలు రాశాను,
ఇప్పుడు ఆ కాగితాలు నీడనివ్వవు.
తుమ్మచెట్టు కిందికి పెట్టెను జరిపాం.
నీడ జరిగితే మళ్ళీ జరిపాం.
ఎర్రిస్వామి తలగుడ్డ విప్పి, తడిపి, పెట్టెకు చుట్టాడు.
తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు అట్లా అయిపోయాయి.

గొల్లదిన్నె చేరేసరికి పన్నెండు.
అంగన్‌వాడీ వసారాలో పదకొండు మంది తల్లులు,
కలుపు కూలి మానుకొని.

సీసా మీద గుండ్రం. గుండ్రంలో చిన్న చదరం.
చదరం తెల్లగా ఉన్నంతసేపే మందుకు ప్రాణం.
అది దేన్నీ మరిచిపోదు.
లారీలో ఒక గంట, ఆసుపత్రిలో కరెంటు పోయిన రెండు రాత్రులు,
ఈ పొద్దు తుమ్మచెట్టు,
అన్నీ కూడుకుంటూ నల్లబడుతుంది.
వాకిట్లో వెలుతురుకు తెచ్చి చూశా.
కళ్ళద్దాలు తుడుచుకొని ఇంకోసారి చూశా.
చదరం ఏదో గుండ్రం ఏదో తెలియలేదు.

సూది మందులు బతికాయి, చుక్కలు పోయాయి.
బిడ్డల్ని ఏడిపించేవి మిగిలి
ఏడుపు మాన్పేవి పోయాయని
ఎవరో నవ్వారు కూడా.
చుక్కలకు మళ్ళీ రావాలి, మళ్ళీ ఒక కూలి పోవాలి
అన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

తిప్పక్క మూడు నెలల బిడ్డను తొడ మీద ఊపుతా అడిగింది:
"మా కొట్టంలో రేకుల కింద
సెనక్కాయ ఇత్తనం యాడాదంతా పడుంటాది.
ఎండకు రేకులే పటపటమంటాయి.
ఒక్క పదును వాన పడితే లేసి కూసుంటాది.
నీ మందు ఒక్క పూట తట్టుకోలేదా అక్కా?"

పదిహేడేళ్ళలో నాకివ్వని శిక్షణ అది.
జవాబు రాక ఐసు ప్యాకు తీసి
బిడ్డ చెంపకు ఆనించా. ఇంకా కొంచెం చల్లగానే ఉంది.
ఖాళీ పెట్టెతో పోకూడదంటా
తిప్పక్క అందులో రెండు దోసిళ్ళ కాయలు పోసింది.

తిరుగుదారిలో గుర్తుకొచ్చింది.
అనంతపురం మీటింగులో ఒక డాక్టరమ్మ చెప్పింది,
భోజనాల వేళ, ఎవరూ వినలేదు:
ఎక్కడో మందును చక్కెర పాకంలో కలిపి
తడి అంతా లాగేస్తున్నారంట.
పాకం గాజులా బిగుసుకొని
లోపలి ప్రాణాన్ని కదలకుండా పట్టుకుంటుందంట.
ఎండలో పెట్టినా నెలలు ఉంటుందేమో, ఇంకా చూస్తున్నారంట.
నీళ్ళు చుక్క తగిలితే లేస్తుందంట.
ఎర్రిస్వామికి చెబితే
"అంటే మందును పప్పుండ చేస్తారా?" అన్నాడు.
అంతే అనుకో అన్నా.
అయితే అది మన ఊర్లో ఎప్పుడో కనిపెట్టినారు, అన్నాడు.

రాత్రి పెట్టె కడగబోతే కాయలు గుర్తొచ్చాయి.
కరిగిన ఐసు తడికి మెత్తబడి, చల్లగా ఉన్నాయి.
నా పెట్టెలో ఒక్క పూటకే
విత్తనం పాడైపోయింది.

సగం వేయించి ఎర్రిస్వామికి పంపా.
మిగతావి ఒలుచుకుంటా
మూడో కాగితం మొదలుపెట్టా,
మూత రబ్బరు గురించి.